మన ఎండల్లో కూడా ఒంటిమీద ఉంచుకోగలిగే రైడింగ్ జాకెట్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: గుంటూరు నుంచి విజయవాడకి రోజూ 350 సీసీ బండి మీద ఆఫీసుకి వెళ్లొస్తారు. నెలకోసారి మీరూ మీ శ్రీమతి గారూ శ్రీశైలమో మారేడుమిల్లో వెళ్తుంటారు. కిందటేడు కొన్న జాకెట్ వేసుకుంటే మంగళగిరి దాటేసరికి ఒళ్లు ఉడికిపోతోంది, అందుకని అది బీరువాకే పరిమితమైంది. ఇరవై వేల లోపు, ఒంటికి హాయిగా ఉంటూ పడ్డప్పుడు కాపాడే బట్టలు ఏం తీసుకోవాలి?

సూటిగా చెప్తాను. లేత రంగు మెష్ (గాలాడే రంధ్రాల గుడ్డ) జాకెట్, ఒంటిని పట్టి ఉండే సైజులో, లోపలి లేబుల్ మీద ఈఎన్ 17092 (రైడింగ్ బట్టల ప్రమాణం, వివరం కింద చెప్తాను) అని ఉండి 'ఏఏ' క్లాసుది దొరికితే అది, దొరక్కపోతే కనీసం 'ఏ' క్లాసుది. ఇరవై వేలూ జాకెట్ మీదే పెట్టకండి. సగం దానికి చాలు. మిగతా సగం గ్లోవ్స్, చీలమండ కప్పే షూస్, మోకాళ్లకి. వానకి జాకెట్ లోపలుండే లైనర్ పొర మీద ఆధారపడకుండా, జాకెట్ పైన వేసుకునే రెయిన్‌కోటు విడిగా ఉంచుకోండి.

నేను చాలా ఏళ్లుగా రైడింగ్ గేర్ అమ్మే కొట్లో పనిచేస్తున్నాను, సెలవుల్లో రైడర్లని వెంటేసుకుని ఘాట్ రోడ్లకి వెళ్తుంటాను. కాబట్టి కింద చెప్పేదంతా కస్టమర్లకి తొడిగి చూసిందీ, వాళ్లు పడి లేచాక తిరిగి తెచ్చిన జాకెట్లని చూసి తెలుసుకున్నదీ.

కొత్తది కొనేముందు ఒక పని చేయండి. బీరువాలో ఉన్న ఆ జాకెట్ తీసి లోపలి జిప్పులు చూడండి. మన దగ్గర దొరికే టూరింగ్ జాకెట్లలో చాలావాటికి లోపల రెండు పొరలుంటాయి. ఒకటి వానని ఆపేది, ఇంకొకటి చలికి. రెండూ ఊడి వచ్చేస్తాయి. కొట్లో ఇచ్చింది ఇచ్చినట్టే వేసుకుని, మే నెలలో కూడా ఆ రెండు పొరలతో తిరిగి, "ఈ జాకెట్ మన ఊళ్లకి పనికిరాదండీ" అని వాపసు తెచ్చేవాళ్లు ఎంతమందో. వాన లైనర్ అంటే గాలి చొరబడని షీటు. అది లోపల ఉన్నంతసేపూ పైన ఎంత మంచి మెష్ ఉన్నా గాలి ఒంటికి తగలదు. మీ జాకెట్‌లో లైనర్లుంటే పీకేసి, ఒకరోజు అలాగే ఆఫీసుకి వెళ్లి చూడండి. ఆ తర్వాత కూడా భరించలేకపోతే అప్పుడు కొత్తది.

ఇక సైజు. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అద్దం ముందు నిలబడి, చేతులు కిందకి వేలాడేసి, కాస్త వదులుగా ఉంటే గాలాడుతుందిలే అని ఒక సైజు పైది తీసుకుంటారు. బండి మీద ఆ లెక్క పనిచేయదు. వదులు జాకెట్ ఎనభైలో పటపటా కొట్టుకుంటుంది, ఆ ఊపుకి గంట తిరక్కుండా మెడా భుజాలూ పట్టేస్తాయి. అంతకన్నా పెద్ద చిక్కు పడ్డప్పుడు. మోచేతి మీద ఉండాల్సిన ప్యాడ్ పక్కకి తిరిగిపోతుంది, దెబ్బ ఎముక మీదే తగులుతుంది.

మా కొట్లో కస్టమర్ని బండి ఎక్కించే చూస్తాను. సొంత బండైతే ఇంకా మంచిది, ఎందుకంటే మీ 350 మీద నిటారుగా కూర్చుంటారు, స్పోర్ట్స్ బండి మీద ముందుకి వంగుతారు, రెండిట్లో చేతులు చాపే తీరు వేరు. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని మోచేతులు కొంచెం వంచండి. ఇప్పుడు పక్కనున్న వాళ్లని మోచేతి ప్యాడ్ గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పమనండి. ప్యాడ్ గిన్నెలో మోచేతి ఎముక కూర్చుని, కొంచెం కదిలి ఆగిపోవాలి. ముంజేతి పక్కకి జారిపోతే ఆ సైజు వద్దు. చేతి మీద బిగించే పట్టీలుంటే బిగించి మళ్లీ చూడండి. తర్వాత మణికట్టు: చేతులు చాపినప్పుడు స్లీవ్ మణికట్టు ఎముక దాటి పైకి పోకూడదు, పోతే గ్లోవ్‌కీ దానికీ మధ్య చర్మం బయటపడుతుంది. తల తిప్పి వెనక వచ్చే బండిని చూస్తున్నట్టు చేయండి, కాలర్ గొంతుకి ఒరుసుకోకూడదు. కొత్తలో చిన్నగా అనిపించేది లారీ వెనక పది కిలోమీటర్లు వెళ్లేసరికి మండుతుంది. చివరగా కిందకి చూసుకోండి. పొట్ట దగ్గర కొంచెం ముడత పడితే ఫర్వాలేదు, వెనక మాత్రం బెల్టు కనపడకూడదు.

ఆ చివరిది ఎందుకంత పట్టించుకుంటానంటే, దోర్నాల ఘాట్‌లో మా వెంట వచ్చిన ఒక కుర్రాడు మలుపులో కంకర మీద జారాడు. వేగం పెద్దగా లేదు. జాకెట్ ఎక్కడా చిరగలేదు, మోచేతులు భద్రం. కానీ జారుతున్నప్పుడు జాకెట్ పైకి లేచిపోయి నడుం మీద అరచేతి వెడల్పున తోలు లేచిపోయింది. రెండు వారాలు వెల్లకిలా పడుకోలేకపోయాడు. జాకెట్ మంచిదే, అది ఉండాల్సిన చోట ఉండలేదు. చాలా జాకెట్లకి వెనక అంచు లోపల ఒక చిన్న జిప్పు ఉంటుంది, రైడింగ్ ప్యాంటుకి కలపడానికి. ప్యాంటు లేకపోయినా బెల్టుకి తగిలించే లూపు ఉంటే దాన్నైనా వాడండి.

లేబుల్ చదవడం. ఈఎన్ 17092 అనేది మోటార్‌సైకిల్ బట్టల కోసం 2020లో వచ్చిన యూరప్ ప్రమాణం. ఇందులో ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అని క్లాసులు. గుడ్డని వేగంగా తిప్పి, కదలని కాంక్రీటు పలక మీద పడేసి, జారి ఆగేలోపు చిరుగు పడిందా లేదా చూస్తారు. ఎక్కువ దెబ్బ తగిలే భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ల దగ్గర ఏఏఏకి గంటకి 120 కిలోమీటర్ల వేగానికి సమానమైన పరీక్ష, ఏఏకి 70, ఏకి 45. ఇది ల్యాబ్ పరీక్ష మాత్రమే, డెబ్బైలో పడితే ఏమీ కాదని కాదు. బీ అంటే గుడ్డ 'ఏ' క్లాసుతో సమానమే, కానీ ప్యాడ్లు ఉండవు. సీ అంటే తిరగబడిన సంగతి, ప్యాడ్లుంటాయి కానీ గుడ్డకి రాపిడిని ఆపే బాధ్యత లేదు. చొక్కా లోపల వేసుకునే ప్యాడ్ల నెట్ బనియన్లు ఈ సీ కిందకే వస్తాయి. హాయిగా ఉంటాయన్న మాట నిజమే, కానీ వాటి మీద కాటన్ చొక్కా వేసుకుని హైవే ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

మెష్‌లో ఏఏఏ అరుదు. గాలి రావాలంటే రంధ్రాలుండాలి, రంధ్రాలుంటే రాపిడికి కొంత ఓడుతుంది. అందుకే మంచి మెష్ జాకెట్లలో ఛాతీకీ వీపుకీ మెష్ వేసి, భుజాలకీ మోచేతులకీ దట్టమైన గుడ్డ వేస్తారు. కొనేటప్పుడు భుజం పైభాగం వేళ్లతో నలిపి చూడండి. అక్కడ కూడా మెష్షే తగిలితే పక్కన పెట్టేయండి, ధర ఎంత తక్కువైనా సరే. రైనాక్స్, వయాటెర్రా లాంటి మన దేశపు కంపెనీలూ, రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లూ మెష్ జాకెట్లు అమ్ముతున్నారు. పేరు చూసి కాదు, చేతిలో ఉన్న ఆ మోడల్ లేబుల్ చూసి తీసుకోండి. ఒకే కంపెనీలో క్లాసు మోడల్‌ని బట్టి మారుతుంది. లేబుల్ మీద "సీఈ" (యూరప్ నిబంధనలకి తగ్గట్టు ఉందన్న ముద్ర) అని మాత్రమే రాసి క్లాసు లేకపోతే, చాలాసార్లు ఆ ముద్ర లోపలి ప్యాడ్లకే, జాకెట్‌కి కాదు.

ప్యాడ్లు బయటికి తీసి చూడండి. భుజం, మోచెయ్యి, మోకాలు, తుంటి ప్యాడ్లకి ఈఎన్ 1621-1, వీపుకి 1621-2. యాభై జౌల్స్ శక్తితో దెబ్బ వేసి, అవతలి వైపుకి ఎంత బలం చేరిందో కొలుస్తారు. కాళ్లూ చేతుల ప్యాడ్లలో లెవెల్ 1 అంటే అలా చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు (బలానికి కొలత, తక్కువైతే మేలు) దాటకూడదు, లెవెల్ 2 అంటే 20. వీపుకి అవే 18, 9. చూడండి, వీపు దగ్గర లెవెల్ 1కీ లెవెల్ 2కీ తేడా సగానికి సగం. చాలా జాకెట్లలో వీపు జేబులో ఉండేది ఉత్త స్పాంజి ముక్క. చేత్తో నొక్కితే పరుపులా దిగిపోతుంది, దాని మీద ఏ నంబరూ ఉండదు. జాకెట్ కొన్నాక మొదట మార్చాల్సింది అదే.

ఇక్కడ మన ఎండకి సంబంధించిన ఒక సంగతి ఉంది, కొట్లలో ఎవరూ చెప్పరు. ఇప్పటి మెత్తటి ప్యాడ్లు మామూలుగా వంగుతూ, దెబ్బ తగిలినప్పుడు గట్టిపడే రకం. వీటిలో కొన్ని వేడికి ఇంకా మెత్తబడి, దెబ్బని ఆపే శక్తి తగ్గుతుంది. అందుకే ప్రమాణంలో 40 డిగ్రీల దగ్గర పరీక్షించే అదనపు ఏర్పాటు ఉంది, అందులో నెగ్గితే ప్యాడ్ మీద టీ పక్కన ప్లస్ గుర్తు వేస్తారు. పరీక్ష కంపెనీ ఇష్టం కాబట్టి అన్నిటి మీదా ఉండదు. రెంటచింతలలో ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి ఆ గుర్తున్న ప్యాడ్లు దొరికితే వాటికే ఓటు.

ఎండ విషయానికొస్తే, మెష్ అన్ని వేళలా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటి గాలి 32 ఉన్నప్పుడు మెష్ హాయి. గాలే 42 అయినప్పుడు మెష్‌లోంచి వచ్చేది వడగాడ్పు, అది ఒంటిని వేడెక్కిస్తుంది, చెమటని పుట్టింది పుట్టినట్టు ఆరబెట్టేస్తుంది. ఒళ్లు తడవట్లేదు కదా అనుకుంటాం, లోపల మాత్రం నీళ్లు ఖాళీ అవుతుంటాయి. వినుకొండ దాటి మార్కాపురం వైపు వెళ్లే పొడి ఎండలో నేను చేసేదిదీ: పెట్రోలు బంకులో పంపు దగ్గర టీషర్టు తడిపి, నీళ్లు కారకుండా పిండి, దాని మీద జాకెట్ వేసుకుంటాను. ఛాతీ మీద జిప్పు వెంట్లు, అంటే గాలి వచ్చే దారులు, ఉంటే సగం మూస్తాను. అలా చేస్తే తడి నెమ్మదిగా ఆరుతూ చాలాసేపు చల్లదనం ఇస్తుంది. ఆరగానే మళ్లీ ఆగడం, మళ్లీ తడపడం, ఆ ఆగిన చోటే మజ్జిగో ఓఆర్ఎస్ నీళ్లో తాగడం. తల తిరిగినట్టు, వణుకొచ్చినట్టు అనిపిస్తే బండి నీడకి తీసుకెళ్లి ఆపేయండి. వడదెబ్బ కొట్టాక ఏ జాకెట్టూ కాపాడదు.

మీ రోజువారీ దారిలో ఇబ్బంది వేరు. కృష్ణ దగ్గరపడేకొద్దీ ఉక్కపోత, చెమట ఆరదు. అక్కడ వెంట్లన్నీ బార్లా తెరిచి ఉంచాలి. లోపల కాటన్ బనియన్ బదులు, చెమటని పీల్చి త్వరగా ఆరే పాలిస్టర్ స్పోర్ట్స్ టీషర్ట్ వేసుకోండి. కాటన్ తడిస్తే ముద్దయి ఒంటికి అతుక్కుంటుంది, ప్యాడ్ల కింద దద్దుర్లు లేస్తాయి. ఆఫీసు చొక్కా మడతపెట్టి బ్యాగులో పెట్టుకోవడం మేలు. వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు మెయిన్ జిప్పు తీసుకోవాలనిపిస్తుంది, తీసుకోండి, కదిలేముందు మళ్లీ వేసుకోండి. రంగు కూడా చిన్న విషయం కాదు. నల్ల జాకెట్ ఎండలో కాలిపోతుంది, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు తేడా ఒంటికి తెలుస్తుంది. లేత బూడిద రంగుదైతే రాత్రి వెనక లారీ వాడికి కూడా కనపడతారు.

తోలు జాకెట్ గురించి చాలామంది అడుగుతారు. రాపిడిని బాగా తట్టుకుంటుంది, కానీ మన జిల్లాల్లో డిసెంబరు, జనవరి తప్ప వేసుకోలేరు. దాని జోలికి వెళ్లకండి. లంబసింగి చలికైతే మెష్ మీద గాలి దూరని పల్చటి కోటు ఒకటి చాలు. జులై నుంచి వానలకి కూడా అదే పద్ధతి. లైనర్ లోపలుంటే జాకెట్ బయటి గుడ్డంతా నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మర్నాడు ఆఫీసుకి తడి జాకెట్టే దిక్కు. పైన వేసుకునే రెయిన్‌కోటు అయితే జాకెట్ పొడిగా ఉంటుంది, వాన మొదలయ్యాక రోడ్డు పక్కన జాకెట్ విప్పాల్సిన పనీ లేదు.

నడుం కింది భాగాన్ని మర్చిపోకండి. మన దగ్గర పదివేల జాకెట్ వేసుకుని కాళ్లకి చెప్పులతో వచ్చేవాళ్లు ఎక్కువ. మామూలు జీన్స్ రోడ్డు మీద జారితే రెప్పపాటులో చిరుగుతుంది, కింద మోకాలి చిప్పే. మీకు ఆఫీసు ఉంది కాబట్టి రెండు దారులు. ఒకటి, లోపల అరమిడ్ (రాపిడిని తట్టుకునే గట్టి నార) పొర, మోకాళ్లకీ తుంటికీ ప్యాడ్లు ఉండే రైడింగ్ జీన్స్. చూడ్డానికి మామూలు జీన్స్‌లాగే ఉంటుంది, వేడి మాత్రం ఉంటుంది. రెండు, కాళ్ల పక్కన పైదాకా జిప్పు తెరుచుకునే మెష్ ఓవర్‌ప్యాంటు. ఆఫీసు ప్యాంటు మీదే వేసుకుని, వెళ్లగానే పార్కింగ్‌లో విప్పేయొచ్చు. మన వాతావరణానికి నా ఓటు రెండోదానికి. బడ్జెట్ ఇప్పుడు కుదరకపోతే పట్టీలతో కట్టుకునే మోకాలి గార్డులు తీసుకోండి, కానీ కీలు దగ్గర వంగేవి, మోకాలి పైన ఒక పట్టీ, కింద కనీసం ఒక పట్టీ ఉన్నవి. పైపట్టీ లేనివి నాలుగు గుంతలు దాటేసరికి పిక్క మీదకి జారిపోతాయి.

గ్లోవ్స్: పడేటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని అరచెయ్యి నేలకి ఆనించడం. అందుకే అరచేతి మడమ దగ్గర, అంటే మణికట్టుకి ఆనుకున్న భాగంలో, జారే గట్టి ముక్క ఉన్నవి చూడండి. రోడ్డు పట్టేసి చెయ్యి ఆగిపోకుండా జారితే మణికట్టు ఎముక విరిగే ప్రమాదం తగ్గుతుంది. అరచేతికి మేకతోలు, పైన మెష్ ఉన్న పొట్టి గ్లోవ్స్ రోజువారీకి సరిపోతాయి. ప్రమాణం ఈఎన్ 13594. మణికట్టు పట్టీ బిగించి, ఇంకొకరిని వేళ్ల కొసలు పట్టి గట్టిగా లాగమనండి. ఊడి వచ్చిందంటే రోడ్డు మీద కూడా ఊడుతుంది.

షూస్: ఈఎన్ 13634 ముద్ర ఉండి, చీలమండ రెండు వైపులా గట్టి బిళ్లలున్న, పైకి ఉండే షూస్. ఇప్పుడు ఆఫీసుకి వేసుకెళ్లినా ఎబ్బెట్టుగా కనపడని మోడళ్లు వస్తున్నాయి. పాదం పొడవునా రెండు చేతులతో పట్టుకుని గుడ్డని పిండినట్టు మెలితిప్పి చూడండి, తేలిగ్గా మెలితిరిగితే బండి పాదం మీద పడ్డప్పుడు ఆపలేదు. లేసులుంటే చివర్లు లోపలికి దోపుకోవాలి, గేర్ లివర్‌కి చిక్కుకుంటాయి.

మీ శ్రీమతి గారికి కూడా ఇవన్నీ కావాలి. మీ ప్రశ్నలో బడ్జెట్ ఒక్కరికే చెప్పినట్టుంది. వెనక కూర్చున్నవాళ్లకి ముందు గుంత కనపడదు, పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు, పడేటప్పుడు సిద్ధపడే వీలే ఉండదు. డబ్బు పరిమితంగా ఉంటే మీ ప్యాంటు ఒక నెల వాయిదా వేసి ఆవిడకి జాకెట్, గ్లోవ్స్ ముందు తీసుకోండి. ఆడవాళ్ల కొలతలతో కుట్టిన జాకెట్టే అడగండి. మగవాళ్ల చిన్న సైజు తీసుకుంటే భుజాలు జారతాయి, ఛాతీ దగ్గర బిగుస్తుంది, ప్యాడ్లు ఒక్కటీ సరైన చోట కూర్చోవు. దూర ప్రయాణాల్లో ఒక పక్కకి కూర్చోవడం మానేసి రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమనండి, చున్నీ జాకెట్ లోపలికి దోపుకోమనండి. వెనక చక్రంలో చున్నీ చుట్టుకుంటే క్షణంలో మెడకి బిగుస్తుంది. ఆవిడ హెల్మెట్ కూడా మీదానితో సమానమైనదే ఉండాలి. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ గురించిన 129వ సెక్షన్ వెనకవాళ్లకీ వర్తిస్తుంది, 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం.

ఉతకడం గురించి ఒక మాట. చెమట ఉప్పు పట్టిన జాకెట్ గరుకుగా తయారై మెడ దగ్గర గీరుకుంటుంది, చాలామంది దాన్నే "అన్‌కంఫర్టబుల్ జాకెట్" అంటారు. ప్యాడ్లన్నీ తీసేసి, చన్నీళ్లలో తక్కువ సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ప్యాడ్లని ఎండలో పెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తిరిగి పెట్టేటప్పుడు ఎడమ, కుడి చూసుకోండి. తారుమారైతే మోచేతి దగ్గర ఒత్తుకుంటుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న ప్యాడ్ పైకి బాగానే కనపడినా మార్చేయండి.

మీ ఛాతీ, నడుం, చేతి పొడవు కొలతలు, ఇద్దరివీ, కింద పెట్టండి. కుదిరితే మీ పాత జాకెట్ వేసుకుని బండి మీద కూర్చున్నప్పుడు పక్కనుంచీ వెనకనుంచీ తీసిన రెండు ఫొటోలు కూడా. ప్యాడ్లు ఎక్కడ కూర్చుంటున్నాయో చూసి, దాన్నే లైనర్లు తీసి వాడుకోవచ్చా, కొత్తది తీసుకోవాలా చెప్తాను.